సంఘం ఫోన్‌ని నేను

నేను నోకియా 1100ని. 2003లో పుట్టిన జాతి మాది. లోకమంతా కలిపి పాతిక కోట్లకు పైగా అమ్ముడుపోయాం. నెత్తిన టార్చిలైటు, మీటల మీద దుమ్ము చొరబడకుండా రబ్బరు తొడుగు. భిలాయిలో దుమ్ముకేం తక్కువ?

నన్ను పవర్‌హౌస్ బజారులో కొన్నది ఒక తెలుగు క్రైస్తవ సంఘం సెక్రటరీ గారు. ఆయనది స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో ఉద్యోగం. ఆ ప్లాంటు కట్టడానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయ్‌పూర్ లైను పట్టుకుని వచ్చినవాళ్లూ, వాళ్ల బిడ్డలూ, మనవలూ కలిస్తే మా సంఘం. ఎక్కువమంది ఖుర్సీపార్‌లోనే ఉంటారు.

మొదట్లో నా పనల్లా మిస్డ్ కాల్. ఒక్కసారి మోగి ఆగితే సాయంత్రం ఉపవాస కూడిక ఉందని. రెండుసార్లు మోగితే పాస్టరు అయ్యగారు ఊళ్లో లేరు, కూడిక లేదని. పైసా ఖర్చు లేదు, చదువుతో పని లేదు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్నవాళ్ల ఇళ్లకు మాత్రం సెక్రటరీ గారు మధ్యాహ్నం రెండు దాటాకే మోగించేవారు. ఎవరిది ఏ షిఫ్టో ఆయన డైరీలో రాసి ఉండేది. ఆ డైరీ కన్నా తెలివైన యాప్ నేనింతవరకు చూడలేదు.

తర్వాత ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. చిక్కంతా అక్కడ మొదలైంది. ఒక్క మెసేజీలో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి, తెలుగైతే 70కే నిండిపోతుంది. పైగా మాలాంటి ఫోన్లలో తెలుగు తెరిస్తే ఖాళీ డబ్బాల వరస. సరే, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. అవి ఎవరు చదవాలి? మా ముసలమ్మలకు వచ్చినవి తెలుగు అక్షరాలే. అవి కూడా బైబిలూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలూ చదివి చదివి కంటికి అలవాటైనవి. కొడుకులకు తెలుగూ హిందీ రెండూ వచ్చు. మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని బడిలో నేర్చింది హిందీ, ఇంగ్లీషు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనను హిందీ లిపిలో రాసుకుని, తెలుగులో గొంతెత్తి పాడే కుర్రాళ్లు మాకున్నారు. ఏ లిపిలో పంపినా సంఘంలో కొందరికి అందదు. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో సిమ్‌కి రోజుకు ఇన్నే మెసేజీలని హద్దు పెడితే నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

ఫోన్లు మారాయి. 2017లో పదిహేను వందల డిపాజిట్‌తో జియోఫోన్ వచ్చింది. 2018లో మా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి పథకం కింద ఆడవాళ్లకు స్మార్ట్‌ఫోన్లు పంచింది. ఇక యవ్వనస్తులు ఊరుకుంటారా? సంఘ పెద్దల మీటింగులో, నేను సెక్రటరీ గారి చొక్కా జేబులో ఉండగానే, లేచి అడిగారు.

"అన్నయ్యగారూ, మనకీ ఒక యాప్ చేయించుకుందామండీ. వాక్యం, పాటలు, కానుకలు అన్నీ అందులోనే."

స్త్రీల సమాజం పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. "ఏటి బాబూ, దాన్లోకెల్లాలంటే మళ్లీ ఓ తాళం పెట్టాలా? బ్యాంకుదే మర్చిపోతన్నాను."

నవ్వితే నవ్వారు గాని, ఆవిడ అడిగింది అసలు ప్రశ్న. బైబిలు కోసమే అయితే 2008 నుంచీ యూవెర్షన్ ఉంది, తెలుగు బైబిలు అందులో ఉచితం. పాటలకు యూట్యూబు చాలు. ఇక మిగిలింది కబురు. కబురు కోసం యాప్ చేయించి, ఏటేటా దాన్ని బాగుచేయించే డబ్బుతో చర్చి పైకప్పు వేయించవచ్చని కోశాధికారి గారు తేల్చేశారు.

యాప్ బదులు వాట్సాప్ గ్రూపు పెట్టారు. వారం తిరిగేసరికి శుభోదయం పువ్వులు, సీతాఫలం ఆకులతో షుగరు తగ్గే చిట్కాలు. అంతవరకు భరించవచ్చు. ఒకావిడ ఆపరేషన్ సంగతి ప్రార్థన అవసరతగా గ్రూపులో పెడితే, దుర్గ్‌లో ఉన్న ఆమె కొడుక్కన్నా ముందు విజయనగరం చుట్టాలకు తెలిసిపోయింది. ఆమె రెండు ఆదివారాలు గుడికి రాలేదు. ఏ పనిముట్టు మంచిదని వాదించేవాళ్లు, దాన్లో ఏం పెట్టకూడదో ఎందుకు మాట్లాడుకోరో నాకు అర్థం కాదు.

2020లో లాక్‌డౌన్. ఏప్రిల్ 12న ఈస్టర్. ఉచిత వీడియో మీటింగు నలభై నిమిషాలకే తెగిపోయేది. మన ఆరాధనలో అప్పటికి సాక్ష్యాలు కూడా పూర్తి కావు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు సెక్రటరీ గారు నా నుంచి కాల్ కలిపి, నన్ను కూతురి పెద్దఫోన్ స్పీకరు పక్కన పెట్టేవారు. అవతల ఒక ముసలాయన చెవికి ఆనించుకుని, ఒక్క చరణం వెనకబడి పాడేవాడు. తాళం తప్పినా నేను చూసిన ఆరాధనల్లో అదే గొప్పది.

గొంతుతో కబురు నడిపే దారి ఈ రాష్ట్రానికి కొత్త కాదు. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వరలో అడవి పల్లెల జనం మామూలు ఫోన్ నుంచే తమ బాధలు రికార్డు చేసి వినిపించుకున్నారు. అక్షరం రాని చోట అక్షరాలు పంపి ఏం లాభం?

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. గ్రూపులో అడ్మిన్లే మాట్లాడతారు, అదీ అయ్యగారి గొంతులో నిమిషం వాయిస్ మెసేజీ. రోగాల సంగతులు, ఇంటి గొడవలు గ్రూపులోకి రావు, ఫోన్ చేసి చెప్పుకోవాల్సిందే. వాట్సాప్ లేనివాళ్లకు నా మిస్డ్ కాల్ పాత లెక్క ప్రకారమే వెళ్తుంది. నాలో ఉన్నది ఇంకా 2జీ నడిచే సిమ్, కాబట్టి పని జరుగుతోంది.

మీ సంఘంలో కూడా యాప్ మాట వస్తే, అయ్యలారా, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకం పెట్టి రాయించండి: ఏ ఇంట్లో ఏ ఫోన్ ఉంది, ఎవరికి ఏ లిపి వచ్చు, ఎవరిది ఏ షిఫ్టు.