వెనక ఇరుసు వ్యథ

అయ్యా, మీ ఇంట్లోనూ ఒక పాత కారు ఉండే ఉంటుంది. టార్పాలిన్ కింద, కోళ్ళకు నీడనిస్తూ, పక్కింటివాళ్ళ స్కూటీలకు అడ్డంగా. గడపలో అడుగుపెట్టిన ప్రతి చుట్టమూ మంచినీళ్ళు తాగకముందే దాన్ని అమ్మెయ్యమని సలహా ఇస్తాడు. నాది 1971 మోడల్ మార్క్ టూ అంబాసిడర్. ముందు నుంచి చూస్తే సాక్షాత్తు రాజఠీవి. గొడవంతా వెనక.

నలభై దాటితే చాలు, వెనక సీటు కింద ఆర్తనాదం మొదలవుతుంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగుతుంది, తొక్కితే మళ్ళీ అందుకుంటుంది. సూర్యాపేట మెకానిక్ కారు కిందికి దూరకుండానే "క్రౌన్ పినియన్ పోయింది సార్" అని తీర్పు చెప్పాడు. అంటే వెనక ఇరుసును తిప్పే పళ్ళచక్రాల జత. విప్పితే గేర్ ఆయిల్ తారులా జారింది. దాని అడుగున సన్నటి ఇనప రజను మెరుస్తోంది, పినియన్ పళ్ళ అంచులు పెచ్చులు లేచి ఉన్నాయి. "సామాను తెచ్చియ్యండి, గంటల కూసోబెడత" అని అభయమిచ్చాడు. ఆ గంట మొదలయ్యేలోపు వరి కోతకొచ్చింది.

విప్పడం కూడా సులువుగా జరిగిందనుకునేరు. 1956లో చట్టం చేసి ఈ దేశాన్ని మెట్రిక్ కొలతల్లోకి మార్చారు. కబురు ఈ కారు దాకా అందలేదు. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కడుపున పుట్టింది కనక దీని నట్లన్నీ అంగుళాల లెక్క. అరంగుళం నట్టంటే 12.7 మిల్లీమీటర్లు. షాపులో దొరికే స్పానర్ పదమూడు. పట్టినట్టే ఉంటుంది, కాస్త బలం పెట్టగానే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ఆపైన సుత్తి, ఉలి, బూతులు.

సరే, కోదాడ పోయాను. హైవే మీది లారీల ఊరు. పద్నాలుగు టైర్ల లారీకి ఏ ముక్క కావాలన్నా కౌంటర్ మీద పడేస్తారు. నేను గొంతు సవరించుకుని "అంబాసిడర్ క్రౌన్ పినియన్" అన్నాను. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి "అది ఏ కంపెనీ సార్?" అన్నాడు. మంత్రుల్ని, కలెక్టర్లని, పెళ్ళికొడుకుల్ని, పెళ్ళికొడుకు వెంట ఒకే సీట్లో ఆరుగురు తోడిపెళ్ళికొడుకుల్ని మోసిన వాహనమయ్యా అది! టీ తాగి బయటికొచ్చాను.

ఇక మిర్యాలగూడ. అన్ని రైస్ మిల్లులున్న చోట లేత్ మిషన్లకు కొదవుంటుందా? అరిగిన మిల్లు షాఫ్టుకు వెల్డింగ్ పోసి, తిప్పి, కొత్తదాన్ని చేసిస్తారు. ఒక లేత్ మేస్త్రి నా పినియన్‌ని అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. "షాఫ్టయితే జేస్త సార్. దీని పండ్లు మెలిక తిరిగున్నయ్, ఇది నా మిషన్ మీద గాదు." నిజమే. ఇది హైపాయిడ్ గేరు. పినియన్ క్రౌన్ నడిమధ్యకు కాక కాస్త కిందికి దిగి కూర్చుంటుంది. ఆ పళ్ళు కోయడానికి వేరే యంత్రాలుండాలి. పైగా ఫ్యాక్టరీలోనే క్రౌన్‌నీ పినియన్‌నీ ఒకదానితో ఒకటి రుద్ది జత కడతారు. ఒకటి చెడితే రెండోదీ మార్చాల్సిందే. ఇంతటి దాంపత్యనిష్ఠ మనుషుల్లో చూశామా? ఆ మేస్త్రి యాక్సిల్ రాడ్ మీద బేరింగు కూర్చునే చోటు మాత్రం వెల్డింగ్ పోసి సాపు చేసిచ్చాడు. మహానుభావుడు.

అసలు ఈ కారు చేసిన కంపెనీవాళ్ళనే అడుగుదామంటే 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆపేశారు. 2017లో అంబాసిడర్ అన్న పేరుని ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. పేరుకి 80 కోట్లు! ఇనుము మన నెత్తిన.

ప్రభుత్వం మాత్రం దయతలచింది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటినవి వింటేజ్ వాహనాలు. అలా నమోదైనవి ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో రోడ్డెక్కవచ్చు. నాది ఇంకా నమోదు కాలేదు గానీ, మరమ్మతుకు తప్ప రోడ్డు మొహం చూసింది లేదు. ఇంతటి చట్టబద్ధ జీవితం గడుపుతున్న కారుకి సన్మానం చెయ్యాలి. కనీసం ఒక శాలువా.

చివరికి విజయవాడ ఆటోనగర్ ఆదుకుంది. తుక్కులోకి వెళ్ళిన ఏదో అంబాసిడర్ హౌసింగ్‌లోంచి జత చెడని క్రౌన్ పినియన్ దొరికింది. గోనెసంచిలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు.

సూర్యాపేట మెకానిక్ గేరు పళ్ళకు ఎర్రరంగు పూసి, చేత్తో తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూశాడు. మచ్చ పంటి అంచుకు పడింది. మళ్ళీ విప్పి, కాగితమంత పలచటి షిమ్ము రేకు ఒకటి వేశాడు. అంగుళంలో వెయ్యోవంతుల లెక్క అది. ఆయన దాన్ని బొటనవేలితో కొలుస్తాడు. ఈసారి మచ్చ పంటి నడుమ పడింది. కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ సీళ్ళు వేసి, తొంభై నంబర్ ఆయిల్ పోసి, చేతులు తుడుచుకుంటూ తాళాలిచ్చాడు.

"సెట్ అయ్యేదాంక మెల్లగ నడపండి సార్. నలభై దాటనియ్యకండి."

నలభైలోపు అది ఎప్పుడు అరిచింది గనక!