నా వెన్ను చూడని కొలత

నేను గోడను కాను, గోడకు తొడిగిన చొక్కాను. టెక్సాస్‌లో ఇళ్ల గోడల మీద చెయ్యి వేస్తే సాధారణంగా తగిలేది నేనే. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అరంగుళం మందం. నడుమ జిప్సం, ఇరువైపులా కాగితం ఉన్న పలకను. షీట్‌రాక్ అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న పేరే అయినా జనం నోట మా జాతి మొత్తానికీ అదే పేరైపోయింది. బూజుకు జిప్సం తిండి కాదు, కాగితం తిండి. తడిసిన 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెడితే చాలావరకు బూజు పట్టదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అయితే ఆ తడి ముందుగా ఎవరికి కనిపిస్తుంది? రంగు పూసింది నా ముఖానికే. గోడలోని పైపు కారినప్పుడు తడిసేది మాత్రం ఏ పూతా లేని నా వెన్ను. పైన పటారం, లోన లొటారం అనే సామెత నన్ను చూసి పుట్టలేదు గానీ, నాకు సరిగ్గా అతుకుతుంది.

నా బతుకును తేల్చే అంకె ఒకటుంది, 25. బూజును అంచనా వేసేవారికీ తొలగించేవారికీ లైసెన్స్ ఉండాలని 2003లో టెక్సాస్ చట్టం చేసింది. బూజు పట్టిన చోటు ఎడతెగకుండా 25 చదరపు అడుగులు లేకపోతే ఆ లైసెన్స్ అక్కర్లేదు. నా వైశాల్యం 32. అంటే నాలో ముప్పావు వంతు నల్లబడ్డా చట్టం లెక్కలో అది చిన్న పనే! న్యూయార్క్, ఫ్లోరిడాల్లో గీత 10 దగ్గరే ఉంది. రాష్ట్రం దాటితే బూజు మారదు, మనిషి ఊపిరితిత్తులూ మారవు. గాలిలో ఎంత బూజు ఉంటే ప్రమాదమో చెప్పే ఫెడరల్ ప్రమాణమే లేదు. కనుక 25 అనేది ఆరోగ్యానికి గీసిన గీత కాదు, సర్కారు ఎక్కడి నుంచి కలగజేసుకోవాలో చెప్పే గీత. దీన్ని అభయహస్తంగా తీసుకున్న ఇంటాయన అక్కడే బోల్తా పడతాడు. నన్ను ఊడదీయకముందు టేపు పడేది నా ముఖం మీద. రోగం ఉన్నది వెన్నులో.

అలాగని ఈ నిబంధనలన్నీ దండగ అనను. వాటిలో అసలైన బలం అంకెలో లేదు, చూసేవాణ్ణీ తీసేవాణ్ణీ వేరు చేయడంలో ఉంది. 2001లో టెక్సాస్‌లోని డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో ఒక ఇంటి బూజు కేసులో జ్యూరీ బీమా సంస్థ మీద 3 కోట్ల 20 లక్షల డాలర్లు వేసింది (అప్పీలులో ఆ మొత్తం బాగా తగ్గింది). ఆ రోజుల్లో బూజు పేరిట బీమా క్లెయిములు వెల్లువెత్తాయి. అలాంటి వేళ ఎన్ని పలకలు పీకాలో చెప్పేవాడూ, పీకినందుకు డబ్బు తీసుకునేవాడూ ఒకడే అయితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అందుకే ఒకే పనిలో ఒకే సంస్థ రెండు పాత్రలూ వేయకూడదన్నారు. అంచనా వేసే అసెసర్ పద్ధతి రాసిస్తాడు, తొలగించే కాంట్రాక్టర్ దాని ప్రకారం చేస్తాడు, అయిదు రోజుల ముందే రాష్ట్ర లైసెన్సుల శాఖ టీడీఎల్‌ఆర్‌కు తెలియజేస్తాడు.

ఇద్దరికీ ఫీజులా అని విసుక్కునేవారున్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు; జానెడు మచ్చకు ఇద్దరు నిపుణులంటే ముక్కు కంటే ముక్కుపుడకే బరువు. చిన్న పనులను వదిలేసిన గీతకు సమర్థన ఏదైనా ఉంటే అదే. పెద్ద పనిలో మాత్రం అసెసర్ ఫీజు, అనవసరంగా ఊడే పలకల ఖర్చుకు అడ్డుకట్ట. డాలస్ శివార్లలో ఇల్లు కొన్న గోదావరి జిల్లాల మనిషి మరో ప్రశ్న వేస్తాడు: మా ఊళ్లో వానాకాలం గోడ నల్లబడితే రుద్ది సున్నం కొడతాం, దీనికి లైసెన్సేమిటి? ఆయన ఊరి గోడ ఇటుక. పైన సున్నం క్షారం. బూజుకు అక్కడ తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. నాకైతే రెండు వైపులా విస్తరి వేసే ఉంది. రంగు కొడితే మచ్చ దాగుతుందే తప్ప విందు ఆగదు. తన ఇంట్లో తానే చేసుకునే యజమానికి చట్టం అడ్డు చెప్పదు. అలాంటప్పుడు పాత ఇళ్లలో నా అతుకుల మీది పూతలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం సంగతి ముందే చూసుకోవడం మంచిది.

నగర పర్మిట్ వేరే గుమ్మం. బూజు లైసెన్స్ ఉన్నంత మాత్రాన పైపు మార్చడానికో, కరెంటు తీగలు కదపడానికో, నన్ను మోసే చెక్క నిలువులు కోయడానికో అనుమతి వచ్చినట్టు కాదు; ఏ పనికి పర్మిట్ కావాలో ఊరూరికీ మారుతుంది. ఇక్కడ చిత్రమేమిటంటే, జనం బూజు దగ్గర జాగ్రత్తపడి పైపు దగ్గర తేలిగ్గా తీసుకుంటారు. నా లెక్కన బూజు కొన, పైపు మొదలు.

పని ముగిశాక ఇచ్చే ధ్రువపత్రం నాకు నచ్చేది అందుకే. మచ్చ పోయిందనడంతో అది ఆగదు. కారణం కూడా తొలగిందని అసెసర్ తేలిస్తే ఆ మాటా అందులో ఉండాలి. ఇల్లు అమ్మితే, అంతకుముందు అయిదేళ్లలో జారీ అయిన ఆ పత్రాల నకళ్లన్నీ కొన్నవారి చేతికి రావాలి. అప్పటికి నేను ఆ ఇంట్లో ఉండను. ముక్కలుగా కోసి, ప్లాస్టిక్‌లో చుట్టి బయటికి మోసి ఉంటారు. నా చోట బిగించిన కొత్త పలక ముఖానికి కొత్త రంగు ఉంటుంది. కొనేవారు ఆ రంగు చూస్తారో, పత్రంలో పైపు గురించి రాసిన వాక్యం వెతుకుతారో.