‘నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే’ అను మహావాక్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

వ్యాఖ్యానం మొదలుపెట్టే ముందు మూలం ఏ సందర్భంలో, ఎవరి కోసం పుట్టిందో చెప్పే పీఠికను అవతారిక అంటారు. ప్రస్తుత మూలానికి కర్త పేరు తెలియదు, తాళపత్ర ప్రతి లేదు. అయినా పాలేరు, మునేరు పారే పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో, ముఖ్యంగా జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల టీ కొట్ల ముందు, ఎన్నికల ప్రకటన వెలువడిన నాటి నుంచి పోలింగు ముగిసే సాయంత్రం దాకా ఇది నిత్యపారాయణంగా వినబడుతూనే ఉంటుంది. కర్త లేని వాక్యం అపౌరుషేయమనీ, నోటి నుంచి చెవికి చేరి నిలిచేది శ్రుతి అనీ పూర్వులు నిర్ణయించారు గనుక ఈ వాక్యానికి ఆ రెండు గౌరవాలూ దక్కక తప్పదు. 2022 ఏప్రిల్‌లో ఈ రెండు పట్టణాలూ ఎన్టీఆర్ జిల్లాలో చేరినప్పటికీ మూలంలో ఒక్క అక్షరం కూడా మారకపోవడం దాని ప్రాచీనతకు మరొక నిదర్శనం.

మూలం

నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే.

పాఠాంతరాలు

ఒకే మూలం వేర్వేరు ప్రతులలో కొద్ది తేడాతో కనిపిస్తే ఆ తేడాలను పాఠాంతరాలంటారు. ‘నేనొక్కణ్ణి వేయకపోతే కొంపలేం మునగవులే’ అన్నది ఎండ ముదిరి, వరుసలో నిలబడాలన్న ఉత్సాహం ఎండిపోయిన మధ్యాహ్న శాఖవారి పాఠం. ‘ఎవరొచ్చినా మనకు ఒరిగేదేముందిలే’ అన్నది అన్ని పార్టీలనూ చూసి అలసిన వృద్ధశాఖవారి పాఠం. మూడు పాఠాలలోనూ చివరి ‘లే’ చెక్కుచెదరలేదు గనుక మూలానికి ప్రాణం ఆ అక్షరంలోనే ఉన్నదని గ్రహించాలి.

ప్రతిపదార్థం

నా = ఈ మాట పలికే పౌరునియొక్క. ఇది షష్ఠీ విభక్తి, అంటే సొంతాన్ని తెలిపే రూపం. ఈ విభక్తి అందరికీ ఒక్కసారిగా దక్కినది కాదు. బ్రిటిషు పాలనలో ఓటు ఆస్తికీ పన్నుకూ చదువుకూ ముడిపడి ఉండేది. మద్రాసు రాజధానిలో స్త్రీలకు ఓటు 1921లో దొరికినా ఆస్తి షరతు వారినీ వదలలేదు. రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చిన తరువాత, 1951–52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాసేటప్పుడు, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలలో, సొంత పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’ అనో ‘ఫలానావారి తల్లి’ అనో నమోదైన దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితాల నుంచి తొలగించవలసి వచ్చింది. పేరు చెప్పలేక ‘నా’ను పోగొట్టుకున్నవారు వారు, పేరు ఉండి కూడా దానిని ‘లే’కు ధారపోసేవారు నేటి మూలపాఠకులు. కనీస వయసు 21 నుంచి 18కి దిగింది 61వ రాజ్యాంగ సవరణతో, 1989 మార్చి 28 నుంచి.

ఒక్క = ఒకటి మాత్రమే అయిన. ‘ఒక’ శబ్దంలోని కకారం రెట్టించబడి ‘ఒక్క’ అయింది. సాధారణంగా అక్షరం రెట్టిస్తే అర్థానికి బలం వస్తుంది. ఇక్కడ మాత్రం అక్షరం రెండింతలై విలువ సగమైంది. ఇది ఈ మూలానికే ప్రత్యేకమైన వ్యాకరణ విచిత్రం.

ఓటుతో = అభిమతం తెలిపే సాధనంతో. ఇది ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. దాని మూలం లాటిన్‌లోని ‘వోటుమ్’, అంటే మొక్కు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మొక్కుకున్నవారెవరూ ‘నా ఒక్క మొక్కుతో అమ్మకు ఏమవుతుందిలే’ అని ఎగవేయరు గనుక, మొక్కు విషయంలో లేని లెక్క ఓటు విషయంలో ఎందుకు పుడుతున్నదో విచారించవలసి ఉంది. అచ్చ తెలుగులో ‘ఓటి కుండ’ అంటే పగుళ్లు పడి నీరు నిలవని కుండ. తమిళదేశంలోని ఉత్తరమేరూరులో, పరాంతక చోళుని కాలపు పదవ శతాబ్ది శాసనం ప్రకారం, గ్రామసభ సభ్యుల ఎంపికకు అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. అది చీటీల పద్ధతే గాని నేటి ఎన్నిక కాదు. అయినా కుండకూ ఓటుకూ ఉన్న చుట్టరికం వెయ్యేళ్ల నాటిదని దాని వల్ల తేలుతుంది. పౌరులు ఓటు వేయని కుండే ఓటి కుండ అని ఇక్కడ శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు పలికే అలంకారం.

ఏమవుతుంది = ఏమి + అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం ‘ఏమి’ మొదలైన పదాల చివరి ఇకారానికి సంధి వైకల్పికం, అంటే చేయవచ్చు, చేయకపోనూవచ్చు. రూపం ప్రశ్నదే అయినా పలికేవాడు జవాబు కోరడం లేదు. గొంతు మార్పుతో అర్థం తలకిందులయ్యే ఈ రీతిని ఆలంకారికులు కాకువు అంటారు. ‘ఏమవుతుంది’ అంటే ‘ఏమీ కాదు’ అని భావం.

లే = నిస్పృహను తెలిపే అవ్యయం. దీనికి వేరే అర్థం ఉన్నదేమో చివర విచారించబడుతుంది.

పూర్వపక్ష సిద్ధాంతాలు

ఎదుటివాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పడం పూర్వపక్షం. దానికి సమాధానం చెప్పడం సిద్ధాంతం. మూలకారుని పక్షాన మూడు వాదాలున్నాయి.

మొదటిది గణిత వాదం. నందిగామ శాసనసభ్యుడు తంగిరాల ప్రభాకరరావు మరణంతో 2014 సెప్టెంబరులో ఉప ఎన్నిక జరిగింది. ప్రధాన ప్రతిపక్షం పోటీకి దిగలేదు. ఆయన కుమార్తె సౌమ్య 74 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ రాశిలో ఒక ఓటు కలిపినా తీసినా ఫలితం మారదు గదా అని పూర్వపక్షి అడుగుతాడు. ఈ లెక్కను కాదనడం పండితధర్మం కాదు; చాలా ఎన్నికలలో అది నిజమే. కానీ అన్ని ఎన్నికలలోనూ నిజం కాదు. అదే కృష్ణా జిల్లాలోని విజయవాడ సెంట్రల్ స్థానం 2019లో 25 ఓట్ల తేడాతో తేలింది. అనకాపల్లి లోక్‌సభ స్థానం 1989లో 9 ఓట్లతో తేలింది. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సి.పి.జోషి ఒక్కటంటే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఏ ఎన్నిక 74 వేలదో, ఏది 25దో పోలింగు రోజు పొద్దున చెప్పగల జ్యోతిష్కుడు లేడు గనుక గణిత వాదం ఫలితం వచ్చాక పనికివచ్చేదే గాని, ముందు పనికివచ్చేది కాదు.

పైగా, గెలుపోటములు తేల్చడం ఓటు చేసే పనులలో ఒకటి మాత్రమే. ఎవరు ఎవరికి వేశారన్నది రహస్యం. ఏ పోలింగు కేంద్రంలో ఎన్ని పడ్డాయి, అభ్యర్థుల వారీగా ఎలా చీలాయి అన్నది బహిరంగం. ఇరవయ్యో నంబరు ఫారం అనే పత్రంలో ఆ లెక్క కేంద్రాల వారీగా ఉంటుంది, పార్టీలవారు దానిని పంచాంగం కన్నా శ్రద్ధగా చదువుతారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు ఈ మెట్టసీమకు వచ్చేసరికి చివరి ఆయకట్టు అవుతుంది. పైవారు వాడుకోగా మిగిలినదే కిందికి దిగుతుంది గనుక చివరి భూముల రైతు ప్రతి ఏడూ నీటి కోసం గొంతెత్తవలసిందే. అటువంటి ఊరి కేంద్రంలో సగం ఓట్లే పడ్డాయని పత్రంలో కనబడితే, గెలిచినవాడూ ఓడినవాడూ ఆ ఊరిని లెక్కలోకి తీసుకోవలసిన అవసరం సగానికి తగ్గుతుంది. కాలువకు చివరనున్నవారు జాబితాలోనూ చివరికి పోవడం కోరి తెచ్చుకునే కరువు.

రెండవది విరక్తి వాదం: నిలబడినవారిలో ఎవరూ నచ్చనప్పుడు ఇంట్లో ఉండడమే నిరసన అని. దీనికి సమాధానం శాస్త్రంలోనే ఉంది. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం యంత్రం మీద ‘నోటా’ అనే మీట వచ్చింది. ‘పైవారెవరూ కారు’ అని దాని అర్థం. నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినా ఎన్నిక రద్దు కాదన్నది నిజమే. మిగిలినవారిలో ఎక్కువ తెచ్చుకున్నవాడే గెలుస్తాడు. కానీ నోటా నొక్కినవాడి అసంతృప్తి అంకెగా నమోదవుతుంది. ఇంట్లో పడుకున్నవాడి అసంతృప్తి, ఊరు వెళ్లినవాడి తీరికలేమి, జాబితాలో మిగిలిపోయిన మృతుని పేరు, ఈ మూడూ ఒకే ఖాతాలో పడతాయి. తన నిరసనను మృతుల మౌనంతో కలిపివేయడం ఏ విరాగికీ గౌరవం కాదు.

మూడవది మౌన వాదం. మౌనం మునుల లక్షణమనీ, పార్టీల గొడవకు దూరంగా ఉండడం ఉత్తమమనీ కొందరంటారు. దీనికి సమాధానంగా జగ్గయ్యపేటలోనే ప్రమాణం దొరుకుతుంది. ఊరి పక్క ధనంబోడు అనే గుట్ట మీద ఉన్న బౌద్ధస్తూపాన్ని 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అటువంటి స్తూపాలను కొలిచిన బౌద్ధ భిక్షుసంఘాల నియమాల ప్రకారం ముఖ్యమైన ప్రతిపాదనను సభలో మూడుసార్లు వినిపిస్తారు. ఒప్పుకున్నవాడు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివాడే నోరు విప్పాలి. అంటే అక్కడ మౌనం తటస్థం కాదు, పూర్తి అంగీకారం. వివాదం తెగనప్పుడు శలాకలు, అంటే రంగు వేసిన పుల్లలు, పంచి ఎక్కువమంది ఏ పక్షమో లెక్కించేవారు. ఆ లెక్కను రహస్యంగా, చెవిలో చెప్పించి, బాహాటంగా అని మూడు విధాలుగా జరిపే పద్ధతి కూడా ఉండేది. సర్వం త్యజించిన సన్యాసులకే మౌనంతో బాధ్యత తీరలేదు. ఇల్లూ పొలమూ రేషను కార్డూ ఉన్న గృహస్థుకు తీరుతుందా? తెలుగు సామెత మౌనాన్ని అర్ధాంగీకారంగానే లెక్కకట్టి దయ చూపింది. ఓట్ల లెక్కింపు గదిలో ఆ దయ కూడా ఉండదు.

విశేషాలు

ధనంబోడు స్తూపంలో దొరికి నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక ప్రసిద్ధ శిల్పంలో చక్రవర్తి చేయి పైకెత్తి నిలబడగా మేఘాల నుంచి చదరపు నాణేలు వర్షంలా రాలుతుంటాయి. ఆ రాజును మాంధాతగా పండితులు గుర్తించారు. నాణేలు ఎంత కురిసినా ఆశ తీరలేదనీ, స్వర్గాన్ని కూడా తనకే కావాలనుకొని చివరకు నేలకు జారాడనీ అతని కథ. పోలింగుకు ముందు రాత్రులు ఇంటింటికీ కురిసే కవర్ల వానకు ఈ శిల్పం ఆదిమూలమని చమత్కారంగా చెప్పవచ్చు గాని, ఒక తేడా ఉంది. మాంధాత వానకు శిక్ష లేదు. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం ఓటు కోసం డబ్బు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరాలే.

ఈ వానకూ మూలవాక్యానికీ ఉన్న సంబంధం సూక్ష్మమైనది. ఒక కేంద్రంలో వెయ్యిమంది ఓటర్లున్నారనీ, వారిలో రెండువందల ఓట్లు కొనుగోలైనవనీ అనుకుందాం. తొమ్మిదివందల మంది వరుసలో నిలబడితే కొన్న ఓట్ల పాలు 22 శాతం. అయిదువందల మందే వస్తే అవే రెండువందలు 40 శాతమవుతాయి. కొన్నవాడు అదనంగా ఒక్క రూపాయి ఖర్చు చేయలేదు. ఇంట్లో కూర్చున్నవారే అతని సరుకు విలువ పెంచారు. ఏ పాపమూ ఎరుగనని మురిసే మౌని, తెలియకుండానే ఆ వ్యాపారంలో భాగస్వామి అవుతున్నాడు.

అదే స్తూపం దగ్గర మరొక సాక్ష్యమూ ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ రాజ్యసంవత్సరంలో సిద్ధార్థుడనే పనివాడు, తన కుటుంబంతో కలిసి, అయిదు ఆయక స్తంభాలు, అంటే స్తూపం వేదిక మీద నిలిపే రాతి కంబాలు, దానం చేసి శాసనం వేయించాడు. అతడు రాజు కాడు, సేనాని కాడు. అంత పెద్ద స్తూపానికి తన కంబాలతో ఏమవుతుందిలే అనుకొని ఉంటే ఆ పేరు పదిహేడు వందల ఏళ్ల తరువాత చదవడానికి మిగిలేది కాదు. ఎడమ చూపుడు వేలి మీద పడే సిల్వర్ నైట్రేట్ సిరా గీత కొన్ని వారాలకే చెరిగిపోతుంది గాని, పౌరుడు వేయించుకునే శాసనం అదే.

తాత్పర్యం

2024 మే 13 నాటి పోలింగు కోసం హైదరాబాదు నుంచి కదిలినవారితో జాతీయ రహదారి టోల్‌గేట్లు కిక్కిరిసిపోయాయి; గరికపాడు దగ్గర వారికి తగిలిన తొలి ఆంధ్ర నేల జగ్గయ్యపేటదే. ఆ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం ఓట్లు పడగా హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగం కూడా దాటలేదు. దీనిని బట్టి మూలవాక్యం సర్వజన సమ్మతం కాదనీ, దాని పారాయణం దూరం వల్ల గాక దగ్గరితనం వల్లనే ఎక్కువనీ తెలుస్తున్నది. వందల మైళ్లు వచ్చేవాడికి లేని సందేహం వీధి మలుపులో బడి ఉన్నవాడికి కలుగుతుంది. ఒక్క ఓటు తరచు ఫలితాన్ని మార్చదు, కానీ ఓటు వేయని ఒక్కొక్కరూ మిగిలిన ఓట్ల బరువును మారుస్తారు గనుక ఏమీ కాకుండా పోవడమన్నది ఎవరి చేతిలోనూ లేదు అని తాత్పర్యం.

పునఃపదచ్ఛేదం

పదాలను వేరే చోట విడగొడితే అర్థం మారే అవకాశముంటే వ్యాఖ్యాత దానిని చివర సూచించడం సంప్రదాయం. ‘ఏమి’కి సంధి వైకల్పికమని పైన చెప్పబడింది. ‘లే’కు నిస్పృహ ఒక్కటే అర్థం కాదు, లేచు ధాతువుకు అది ఆజ్ఞారూపం కూడా. కాబట్టి శాస్త్రవిరోధం ఏమీ లేకుండా మూలాన్ని ఇలా చదువుకోవచ్చు:

నా ఒక్క ఓటుతో ఏమి? అవుతుంది. లే.