ఉమ్మి చెప్పిన సాక్ష్యం

కన్నతల్లి కోసం ఎందుకు వెతుకుతున్నావని ఎవరడిగినా నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. మీ అమ్మగారికి షుగరుందా, వాళ్ళ వైపు ఎవరికైనా గుండెజబ్బుందా అని డాక్టర్లు అడుగుతారు కదా, ఎన్నాళ్ళని ‘తెలియదండీ’ అని చెప్పను? ఈ మాట వినగానే ఎదుటివాళ్ళు జాలిగా తలాడించేవారు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే అసలు సంగతీ కాదు. నాకు కావలసింది ఇంటిపేరు. ఇంకా సూటిగా చెప్పాలంటే, కులం. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. కులానికి జీవశాస్త్రంలో ఏ ఆధారమూ లేదని ఏటా క్లాసులో బల్ల గుద్ది చెబుతాను. పేరంటాల్లో ఎవరైనా ‘మీరేమిట్లమ్మా?’ అని ఆరా తీస్తే అమ్మానాన్నల కులం చెప్పి, ‘మరి నేను నిజంగా ఏమిట్లో’ అని లోపల కొట్టుకులాడేదాన్ని. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటారు.

నన్ను తెచ్చుకున్నది 1983లో. అమ్మా నాన్నా ఇద్దరూ తెనాలిలో టీచర్లు. నాకు ఊహ తెలిసినప్పుడే చెప్పేశారు గనక మా ఇంట్లో రహస్యం బద్దలవడం లాంటివేవీ జరగలేదు. కాగితాలు కావాలంటే అమ్మే ట్రంకుపెట్టె తెరిచి ఇచ్చింది. కోర్టు ఉత్తర్వు, స్టాంపు కాగితాల మీద రాయించి రిజిస్టరు చేసిన దత్తత దస్తావేజు, గుంటూరులో ఎప్పుడో మూతపడిన ఒక శిశుగృహం వారి ఉత్తరం. దత్తత వ్యవహారాలు చూసే ‘కారా’ అప్పటికింకా లేదు, అది 1990లో వచ్చింది. హిందువులకు 1956 నాటి దత్తత చట్టమే దిక్కు. కన్నవారెవరో తెలియని పిల్లల్ని కోర్టు అనుమతితో సంరక్షకులు దత్తతివ్వవచ్చని 1962లో ఆ చట్టానికి సవరణ తెచ్చారు. ఆ దారినే నేను మా ఇంటికొచ్చాను. దస్తావేజులో కన్నవారి పేర్లుండాల్సిన చోట ‘తెలియరాలేదు’ అని ఒక్క ముక్క రాసి ఉంది.

ఆ చట్టంలో ఒక తమాషా ఉంది. దత్తత వెళ్ళిన బిడ్డకు కన్నవారింటితో బంధాలన్నీ తెగిపోతాయి గానీ, అక్కడే పెరిగి ఉంటే ఎవరిని పెళ్ళాడకూడదో వాళ్ళను ఆ తర్వాత కూడా పెళ్ళాడకూడదు. వాళ్ళెవరో చెప్పరు, చేసుకోవద్దని మాత్రం అంటారు. మా ఆయనతో మాటా మాటా పెరిగినప్పుడు, అసలు మన పెళ్ళి చెల్లుతుందో లేదో ఎవరికి తెలుసని ఈ సెక్షనుతో బెదిరించేదాన్ని.

కాగితాలు పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళాను. అక్కడ నా స్టూడెంట్ల వయసు అమ్మాయి ఒకతె ఓపిగ్గా చెప్పింది. దీన్ని రూట్ సెర్చ్ అంటారు మేడమ్, పద్దెనిమిది నిండినవాళ్ళు సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు, పాత రికార్డులు వెతికిస్తాం. బిడ్డను అప్పగించిన తల్లి తన పేరు బయటపెట్టొద్దని కోరి ఉంటే, ఆమెను అడిగి, ఆమె సరేనంటేనే చెబుతాం. ఆమె కాదన్నా, ఆచూకీ దొరక్కపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించిందో చెబుతాం. వదిలేసి వెళ్ళిన బిడ్డయితే ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా చేరింది అన్న వివరాలు ఇవ్వవచ్చు. మూడో మనిషి వెతకడానికి మాత్రం వీల్లేదు. మీకు తెలుసుకునే హక్కుంది, కానీ దానివల్ల కన్నవాళ్ళ గోప్యతకు భంగం రాకూడదు.

నాకు ఒళ్ళు మండింది. నా పుట్టుక గురించి తెలుసుకోవడానికి నేను ఒకరి అనుమతి తీసుకోవాలా అని హక్కుల మీద ఒక పీరియడ్ పాఠం చెప్పాను. అంతా విని, “ఆవిడకూ ఒక ఇల్లుంటుంది కదా మేడమ్” అంది. ఈ పిల్లకేం తెలుసులే అనుకుని అర్జీ ఇవ్వకుండానే వచ్చేశాను.

పైగా నాకు వాదన కూడా దొరికింది. 1999లో, మళ్ళీ 2001లో మన దగ్గర బయటపడిన దత్తత కుంభకోణాలు గుర్తున్నవాళ్ళకు తెలుసు. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడీ తండాల నుంచి ఆడపిల్లల్ని అగ్గువకు కొని, తల్లులే ఇష్టపూర్వకంగా ఇచ్చేసినట్టు కాగితాలు పుట్టించి, విదేశాలకు పంపి డాలర్లు దండుకున్నారు. చివరికి ప్రభుత్వం కల్పించుకుని పిల్లల్ని హైదరాబాదు శిశువిహార్‌కు తరలించాల్సి వచ్చింది. అలా వెళ్ళిన పిల్లలు పెద్దవాళ్ళయి ఫైళ్ళు పట్టుకుని వెనక్కి వస్తే, వాటిలో తల్లి వేలిముద్ర ఎవరిదో చెప్పేవాళ్ళెవరు? కాబట్టి కాగితం అబద్ధమాడుతుంది, రక్తం ఆడదు. ఈ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే స్టాఫ్ రూములో అందరికీ వినిపించాను.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కొడుకు సెలవులకు వస్తూ డీఎన్‌ఏ కిట్టు తెచ్చాడు. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, తాగకూడదు. గొట్టంలో గీత దాకా ఉమ్మాలి, నురుగు లెక్కలోకి రాదు. గీత దగ్గరకు వచ్చేసరికి నోరెండిపోయి, మామిడికాయ పచ్చడి తలుచుకుంటూ కూర్చున్నాను. తలుపు సందులోంచి మా ఆయన చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

ఫలితం వచ్చింది. ఆ కంపెనీల జాబితాల్లో తెల్లవాళ్ళే ఎక్కువ, మనవాళ్ళు పలుచన. నాకు కనిపించిన పేర్లన్నీ నాలుగో తరం, ఐదో తరం చుట్టాలు, ఒక్కటి తప్ప. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు. అతనికీ నాకూ ఉమ్మడిగా ఉన్న డీఎన్‌ఏ ముక్కల కొలత 210 సెంటీమోర్గన్లు, ‘సెకండ్ కజిన్’ కావచ్చట. అంటే ముత్తాత ఒకడే అన్నమాట. తెర మీద ఆ మాట చూసి నేను ఏడ్చాను. అంతకంటే ముఖ్యంగా, పేరు ముందున్న ఇంటిపేరు చూశాను.

ఇక్కడ నా చదువు సంగతి కాస్త చెప్పాలి. ప్రతి ఏడూ జన్యుశాస్త్రం పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారి పేరు చెబుతాను. హాల్డేన్ అంతటి జన్యుశాస్త్రవేత్త 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేస్తే ఆయన దగ్గర శిష్యరికం చేసినవాడు. 1960లలో మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాల మీద అధ్యయనం చేసినవాడు. మేనమామకు మేనకోడల్ని ఇవ్వడం, బావామరదళ్ళ పెళ్ళిళ్ళు, కుండమార్పిళ్ళు, ఒకే గుంపులో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకోవడాలు. ఇవన్నీ చేరితే రక్తంలో ఏమవుతుందో బోర్డు మీద బొమ్మలేసి చూపిస్తాను. అలాంటి గుంపులో ఇద్దరికి దగ్గరి తాత ఒకడు అక్కర్లేదు. ఏడెనిమిది వైపుల నుంచి దూరపు తాతలు కలిసినా ముక్కా ముక్కా చేరి పెద్ద అంకె అవుతుంది. అమెరికా లెక్క మేనరికం తెలియని లెక్క. ముత్తాత నిజంగా ఒకడే అయితే ఆ 210 కొన్ని పొడుగాటి ముక్కలుగా రావాలి. నాకొచ్చినవి నూకలు. అన్నిటికంటే పొడుగైన ముక్క పదిహేడు. అది ఆ తెర మీదే, ఒక్క నొక్కు లోపల ఉంది. నేను నొక్కలేదు.

ఆ కుర్రాడు మంచివాడు. “నాకేం తెలియదక్కా, మా నాయనమ్మకు అందరూ తెలుసు” అని రేపల్లె దగ్గర వాళ్ళ ఊరి పేరు చెప్పాడు. అమ్మకు చెబితే, “వెళ్ళు గానీ నన్ను తీసుకెళ్ళు, పెద్దవాళ్ళతో మాట్లాడటం నీకు రాదు” అంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పి, బత్తాయిలు కొనుక్కుని మా ఆయనతో బయల్దేరాను.

పెద్దావిడ వరండాలో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మనవడి స్నేహితులమనుకుని ఆప్యాయంగా కూర్చోబెట్టింది. కోడలు కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. కుశల ప్రశ్నలయ్యాయో లేదో, నేను నోట్‌బుక్ తీసి, “1983లో మీ ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్లలు ఎవరెవరున్నారండీ?” అని అడిగాను. ఇప్పుడు రాస్తుంటే చేతులు చల్లబడుతున్నాయి. అప్పుడు మాత్రం పరిశోధకురాలినన్న గర్వం. “మా చెల్లెలొక్కతేనమ్మా, గుంటూరులో నర్సు ట్రైనింగు చదివేది. ఎందుకు?” అంది. గుంటూరు అన్న మాట వినగానే నా గొంతు వణికింది. అంతా చెప్పేశాను, కోడలు వింటుండగా. ఆవిడ చేతులు ఆగలేదు గానీ, పిక్కలు గిన్నెలోనూ చింతపండు పిక్కల కుప్పలోనూ పడుతున్నాయి. కాసేపటికి, “కాఫీ చల్లారిపోతోంది, తాగి వెళ్ళండి” అంది.

కారులో లెక్కలేశాను. ఆ చెల్లెలు నా తల్లయితే కుర్రాడికీ నాకూ ఇంచుమించు 430 రావాలి, వచ్చింది అందులో సగం. సగటంటే సగటే కదా, అటూ ఇటూ అవుతుందిలే అని సర్దుకున్నాను. పరీక్ష పేపర్లో పిల్లలెవరైనా ఇలా సర్దితే సున్నా వేస్తాను.

మూడో మనిషి వెతకకూడదన్న నిబంధన ఎందుకుందో ఆ తర్వాత అర్థమైంది. నా మాట కోడలి నుంచి ఆమె అక్కకు, ఆ అక్క నుంచి ఒంగోలుకు చేరింది. ఆ నర్సమ్మగారు రిటైరై ఒంగోలులో కొడుకు దగ్గర ఉంటున్నారు, అరవై దాటిన మనిషి. ఆవిడ కోడలికి తెలిసింది, వియ్యపురాలికి తెలిసింది. ఎవరూ మొహాన ఏమీ అడగలేదట. ఆవిడ వచ్చేసరికి మాటలు ఆపేసేవారట, అంతే. నలభై ఏళ్ళ కిందటి ట్రైనింగు రోజుల ఫోటో ఒకటి గోడ మీద ఉండేదట, దాన్ని ఎవరో తీసేశారట.

ఇవన్నీ ఆవిడే ఫోనులో చెప్పారు. తిట్టలేదు. “అమ్మాయ్, నువ్వు నా కూతురివి కాదు. నేను చెబితే మా ఇంట్లో వాళ్ళు నమ్మరు, నువ్వూ నమ్మవు. ఆ గొట్టమేదో నాకూ తెప్పించు, నేనూ ఉమ్మి పంపిస్తాను” అన్నారు. ఏ తప్పూ చేయని మనిషి తన నిజాయితీకి ఉమ్మి సాక్ష్యం ఇచ్చుకోవాల్సి వచ్చింది. వద్దండీ అని నేను అనాల్సింది. అనలేదు. అప్పటికీ నాలో ఒక మూల ఆశ ఉంది.

డాలస్ కుర్రాడే కిట్టు పంపాడు. ఫలితం రావడానికి వారాలు పట్టింది. తల్లీబిడ్డలకు 3,400 పైచిలుకు ఉండాలి. మా ఇద్దరికీ 190, అవీ నూకలే. ఆ ఊళ్ళ వైపు అదే గుంపులో ఎవరితో పోల్చినా నాకు అంతే వచ్చేదేమో.

“ఇప్పుడు ఆ మాట మావాళ్ళకు నువ్వే ఫోను చేసి చెప్పు” అన్నారావిడ. ఒక్కొక్కరికీ చేశాను. రేపల్లె కోడలు, పోనీలెండి అంది. నర్సమ్మగారి కొడుకు ఫోను పెట్టేశాడు. వియ్యపురాలు మాత్రం అంతా నిదానంగా విని, “మరి ఆ మిషనే కదమ్మా మొదట చుట్టాలని చెప్పింది? అప్పుడు చెప్పింది నిజమైతే ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదా?” అంది. సెంటీమోర్గన్లు, మేనరికాలు, ముక్కల పొడవు అన్నీ వివరించాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత బాగా ఆ పాఠం ఎప్పుడూ చెప్పి ఉండను. ఆవిడకు ఎక్కలేదు. ఇప్పటికీ ఎక్కిందని నేననుకోను. నర్సమ్మగారు చివరిసారి మాట్లాడినప్పుడు ఒకటే అన్నారు, “ఇంకెవరింటికీ అట్లా వెళ్ళబాకమ్మా” అని.

అమ్మకు మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, కోడలు గుమ్మంలో ఉండగా అడిగావా అని మాత్రం అడిగింది.

మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఆ అమ్మాయే ఉంది. గుర్తుపట్టినా పట్టనట్టే తెల్లకాగితం ఇచ్చింది. ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నారో రాయండి మేడమ్ అంటే, అలవాటుగా ‘వైద్య కారణాలు’ అని రాసి, కొట్టేశాను. కొట్టివేతలుంటే తీసుకోరు, ఇంకోటి రాయండంది. రెండో కాగితం మీద, నేనెవరికి పుట్టానో తెలుసుకోవాలనుంది, ఆమె ఉండి ఉంటే, ఆమెకు ఇష్టమైతేనే, అని రాసి సంతకం పెట్టాను. ఇంటిపేరు సంగతి మాత్రం రాయలేదు.