లైట్‌మెన్ బాకీ

మా ఇంటిల్లిపాదీ కలిసి ఒక డైలీ సీరియల్ తీశాం. అన్నయ్య దర్శకుడు, వదిన కథ, మాటలు. క్యాష్ బావ చేతిలో ఉండేది. నిర్మాతను నేను. అది అర్ధంతరంగా ఆగిపోయిందన్న బాధ ఎప్పుడో పోయింది. నా తెలివితక్కువతనానికి ఎవరెవరు నష్టపోయారన్నది మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

రాధిక సొంత సంస్థ రాడాన్ తీసిన తమిళ ‘చిత్తి’ జెమినీలో ‘పిన్ని’గా వచ్చి ఇంటింటికీ చేరిన కాలం అది. హిందీలో బాలాజీ టెలిఫిల్మ్స్ హవా. దాని వెనక ఉన్న జితేంద్ర మనకు పరాయివాడు కాదు. ‘ఊరుకి మొనగాడు’ను ఆయనతో ‘హిమ్మత్‌వాలా’గా తీసింది మన పద్మాలయా వాళ్లే. ఆయన భార్య శోభ, కూతురు ఏక్తా 1994లో పెట్టిన ఆ సంస్థ, 2000 జూలైలో ‘క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ’ మొదలుపెట్టి 2008 దాకా 1,800కు పైగా ఎపిసోడ్లు నడిపింది. తల్లీకూతుళ్లు చేయగలిగింది మేము చేయలేమా అనుకున్నాను.

వాళ్ల ఇంటిని చూశానే కానీ ఆఫీసును చూడలేదు. అక్కడ కథలు కూతురివి, నిర్వహణ తల్లిది. 2000లోనే పబ్లిక్ ఇష్యూకు వెళ్లారు, అంటే లెక్కలు బయటివాళ్ల ముందు పెట్టక తప్పదు. మా లెక్కలు బావ జేబులోని చిన్న నోట్‌బుక్‌లో ఉండేవి. అడిగితే నొచ్చుకుంటాడని నేను అడగలేదు.

స్లాట్ మేము కొనుక్కున్నది. ఛానెల్‌కు డబ్బు ముందే కట్టాలి. బదులుగా ఇచ్చిన ప్రకటనల సెకన్లను మేమే అమ్ముకోవాలి. ఏజెన్సీల చెక్కులు నెలల తర్వాత వచ్చేవి, ఫైనాన్షియర్ వడ్డీ మాత్రం నెల తిరక్కముందే. టీఆర్‌పీ తగ్గిన వారం సెకన్ల ధర పడిపోయేది. ముందే తీసిపెట్టుకున్న ఎపిసోడ్ల బ్యాంకింగ్ చేతిలో ఉండేది కాదు కాబట్టి షూటింగ్ ఆపడానికీ వీల్లేదు. ఆ స్థితిలో ఎవరికి ముందు ఇవ్వాలి?

ఎవరు రాకపోతే షూటింగ్ ఆగుతుందో వాళ్లకు ముందు ఇచ్చాను. హీరోయిన్ బెంగళూరు నుంచి రావాలి, ఆమెకు అడ్వాన్స్. ఆమెకు తెలుగు రాదు, పక్కన నిలబడి ఒక్కో మాటా ప్రాంప్టింగ్ చెప్పే అసిస్టెంట్‌కు మాత్రం నెలల బాకీ. లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, టీ అందించే ప్రొడక్షన్ కుర్రాళ్లు, అందరూ కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో ఉండేవాళ్లు. గొంతెత్తరు కాబట్టి వాళ్ల వంతు చివర.

ఒక లైట్‌మన్ తన కొడుకు స్కూలు ఫీజు కోసం బేటా, అంటే రోజు కూలి, బాకీ అడిగాడు. వదినను చూపించాను. “ఆమె రాత్రంతా కూర్చుని రేపటి సీన్లు రాస్తోంది, రూపాయి తీసుకోవడం లేదు. మనమంతా ఒక కుటుంబం అనుకున్నాం కదా” అన్నాను. “సరే సార్” అని వెళ్లి స్టాండ్ ఎత్తుకున్నాడు.

అబద్ధం ఆడుతున్నానని అప్పుడు నాకు నిజంగా తెలియదు, అంత మూర్ఖుణ్ణి. వదిన జీతం తీసుకోలేదంటే సీరియల్ ఆడితే లాభం ఆమెదే కనుక. ఇల్లు తాకట్టు పెట్టింది మేము, గెలిస్తే మేడ కట్టుకునేదీ మేమే. అతనికి అందులో ఏ వాటా ఉంది? అతను లాభం అడగలేదు, చేసిన పనికి కూలి అడిగాడు. మా త్యాగాన్ని చూపించి అతని కూలి ఆపాను. ఇంట్లోవాళ్లం తిండీ నిద్రా మాని పనిచేస్తున్నామన్న గర్వంలో ఇది అన్యాయమని నాకు తోచనే లేదు.

ఛానెల్ స్లాట్ వెనక్కి తీసుకున్నాక ఫైనాన్షియర్‌కు ఇల్లు అమ్మి కట్టాం. ఆయన దగ్గర నోటు ఉంది. లైట్‌మెన్ దగ్గర ఏ కాగితమూ లేదు.

బావ పోయాక అక్క ఆ నోట్‌బుక్ నాకిచ్చింది. అందులో ప్రతి బేటా బాకీ పేరుతో సహా రాసి ఉంది. దొరికినవాళ్లకు ఇస్తూ వస్తున్నాను. కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు చనిపోయారని విన్నాను. మా సీరియల్‌కు పనిచేసి డబ్బు అందనివాళ్లు గానీ, వాళ్ల పిల్లలు గానీ ఇది చదివితే ఈ పత్రిక ద్వారా నాకు కబురు పంపండి. కాగితాలేమీ చూపించనక్కర్లేదు, పేరు చెబితే చాలు.