ముగ్గులో కార్వెట్

"చక్రాలున్న కారుని మళ్ళీ చక్రాల మీదకెక్కించడం ఏట్రా?" అన్నారు మా మామయ్య గారు ఫోన్లో కొడుకుతో.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు కొన్నాడు. 2019తో తయారీ ఆగిపోయిన సీ7 మోడల్, సెకండ్ హ్యాండ్‌ది. ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అని రేసు ట్రాకుంది. డబ్బు కడితే ఎవరి కారు వాళ్ళు తోలుకునే రోజులు అక్కడ అప్పుడప్పుడు పెడతారు. అంత దూరం వెళ్ళాక టైరో బ్రేకో పోతే ఇంటికి రావడమెలా? అందుకని పికప్ వెనక తగిలించే ఓపెన్ ట్రైలర్ కావాలట. 16 అడుగులదా, 18దా, 20దా? ఈ ప్రశ్న టెక్సాస్‌లో అడగాలి గాని, వాడు విశాఖ వన్ టౌన్‌కి ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యారన్న ధైర్యం.

ఆయనకి తెలిసిన ట్రైలర్లు రెండే రకాలు. 20 అడుగుల కంటైనర్ మోసేదొకటి, 40 అడుగులది మోసేదొకటి. ఉక్కు ఫ్యాక్టరీ కడ్డీ 12 మీటర్లుంటుంది కాబట్టి అదీ 40లోనే సర్దుకుంటుంది. "18 ఏట్రా, మజ్జిలో ఇనుం అయిపోయిందేటి?" అన్నారు.

కారు కొలతలు వచ్చాయి. పొడవు 14 అడుగుల 9 అంగుళాలు, అద్దాలు కలపకుండా వెడల్పు 6 అడుగుల 2 అంగుళాలు. నోటి లెక్కలతో తేలదని మా అత్తయ్య గారు ముగ్గుపిండి డబ్బా పట్టుకుని సందులోకి దిగారు. టేపు ఒక కొస నా చేతిలో, రెండో కొస ఎదురింటి కుర్రాడి చేతిలో. కోట వీధి చుట్టుపక్కల సందుల్లో ఖాళీ కనిపిస్తే ఊరుకోరు కదా, గీత నాలుగో మూల కలిసేలోపే గడిలో ఎవరో స్కూటరు పెట్టేశారు. దాన్ని తీయించాం. చేపల గంప దిగింది. విషయమంతా విని చేపలావిడ, "సరుకేటి మోస్తాదమ్మా ఆ కారు?" అంది. సరుకేమీ లేదు, ఇద్దరు మనుషులు పడతారన్నాం. మా అత్తయ్య గారి వంక జాలిగా చూసి, వంజరం బేరంలో పది రూపాయలు తగ్గించింది.

అసలు చిక్కు వెడల్పులో ఉంది. అందరూ పొడవు చూసి ట్రైలర్ కొంటారు. మామూలు ట్రైలర్‌కి రెండు పక్కలా మడ్‌గార్డులుంటాయి, వాటి మధ్య చోటు సుమారు 6 అడుగుల 10 అంగుళాలు. కారు పోగా ఇటు 4, అటు 4 అంగుళాలు. కారెక్కుతుంది, తోలినవాడు దిగలేడు. మామయ్య గారు ఇది నమ్మలేదు. ఆయన్ని ముగ్గులో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, పక్కనున్న అరుగుని మడ్‌గార్డనుకోమని, మడత మంచం అడ్డం పెట్టి అదే తలుపన్నాం. మంచం అరుక్కి తగిలేదాకా తెరిచారు. ఆ సందులోంచి చెయ్యి వచ్చింది, మోకాలు వచ్చింది, పొట్ట దగ్గర కార్యక్రమం ఆగిపోయింది.

"పైకప్పు ఊడొస్తుంది నాన్నా, పైనుంచి దిగొచ్చు" అన్నాడు బావమరిది. అబద్ధం కాదు, సీ7 కప్పు తీసి పక్కన పెట్టుకోవచ్చు.

"అయితే క్రేన్ కావాలి" అన్నారు మామయ్య గారు, కుర్చీలోంచే.

పొడవు సంగతి పోర్టు రోడ్డులో టీ తాగుతున్న ఒక ట్రైలర్ డ్రైవరు తేల్చాడు. "బరువు ఇరుసుకి కాస్త ముందుకుండాల బాబూ. ఎనక్కెల్లిందా, తోక ఊపుతాది. ఊపిందంటే ముందు బండిని కూడా తిప్పేస్తాది." అమెరికా వాళ్ళ లెక్కా ఇదే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలంటారు. కారు 1,500 కిలోలు, ట్రైలర్ ఓ 900 అనుకుంటే కొక్కెం మీద 240 నుంచి 360 కిలోలు. అది కుదిరేదాకా కారుని ముందుకీ వెనక్కీ జరపాలి. 16 అడుగుల దాంట్లో మిగిలేది 15 అంగుళాలు, ఇంకేం జరుపుతాం? 18 అయితే మూడడుగుల పైచిలుకు చేతిలో ఉంటుంది. ఇంజిన్ సీటు వెనక్కి వెళ్ళిపోయిన తర్వాతి మోడల్ సీ8కైతే 20 ఉంటే ఇంకా నయం. "పొట్ట కిందకున్న బండికి ర్యాంపు కింద చెక్కలెయ్యమను" అని కూడా చెప్పి, టీ డబ్బులు నన్నే ఇమ్మన్నాడు. సలహాకి అది చవకే.

చివరికి 18 అడుగులది, ఎడమ మడ్‌గార్డు ఊడదీయగలిగేది కొన్నాడు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర దాని ఫోటోకి అత్తయ్య గారు బొట్టు పెట్టించారు. ఇంటి ముందు ట్రైలర్ పెట్టకూడదని వాళ్ళ కాలనీ సంఘం నోటీసు పంపింది. అద్దె కట్టి ఊరి బయట ఎక్కడో పెట్టాడు. ఇప్పుడు ట్రాకుకి వెళ్ళాలంటే అక్కడిదాకా పికప్పూ వెళ్ళాలి, కారూ వెళ్ళాలి. మనిషి ఒక్కడే. అందుకని తండ్రికి విజిటర్ వీసా వేయిస్తానంటున్నాడు. మామయ్య గారికి వెళ్ళడానికి అభ్యంతరం లేదు. తనకిచ్చేది పికప్పేనని మాత్రం ముందుగా రాసిమ్మంటున్నారు.