జేబు ఖాళీ చేసే ఏడు చిట్కాలు

రాజుపాలెంలో బస్సెక్కి ప్రొద్దుటూరు కాలేజీకి పోయే పిల్లలకు ఒకప్పుడు డబ్బు ఖర్చు చేయడం ఎంత కష్టమో! నాయన ఇచ్చిన నోటు మార్చాలంటే చెయ్యి ఆడేది కాదు. 2016లో యూపీఐ వచ్చి ఆ బాధ తీర్చింది. కింది చిట్కాలు వరసగా పాటించండి. ఒకటో తారీఖున వచ్చిన డబ్బు ఐదో తారీఖు దాటదు.

1. ముందు యూపీఐ లైట్ పెట్టుకోండి. వెయ్యి రూపాయల లోపు చెల్లింపుకు పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టే ఆ నాలుగు క్షణాల్లోనే మనిషికి బుద్ధి వస్తుంది. ఆ సందు మూసేయండి. పైగా టీ, పఫ్, జ్యూస్ లాంటివి పాస్‌బుక్కులో విడివిడిగా పడవు. పడనిది ఖర్చే కాదు.

2. బ్యాలెన్స్ ఎప్పుడూ చూడకండి. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం మూడూ ఉంచుకుని ఒక్కోరోజు ఒక్కోదాంట్లో కట్టండి. అప్పుడు నెల ఖర్చు ఒకచోట కనబడదు. చెల్లింపు ఫెయిలయిందని ఫోన్ చెప్పేదాకా డబ్బున్నట్టే లెక్క.

3. బట్టల కోసం ప్రొద్దుటూరు కొట్లకు పోకండి. అక్కడ గుడ్డ పట్టి చూస్తారు, బేరమాడతారు, నచ్చకపోతే లేచొస్తారు. అంతా నష్టమే. దసరా సేల్ కోసం కాచుకోండి. రూ.1,999 కొట్టేసి రూ.699 అని చూపిస్తే రూ.1,300 సంపాదించినట్టు రాసుకోండి. రూ.40 డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి రూ.150 పెట్టి ఫోన్ కవరు కూడా కొనండి. చొక్కా బిగుతైతే వాపసు గడువు దాటేదాకా అటక మీద పెట్టండి.

4. చేతిలో లేని డబ్బును ముందే వాడండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నాక ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ గురించి చదవడం సమయం వృథా. ఒక యాప్ వాయిదా ఇంకో యాప్ అప్పుతో కట్టండి. అప్పు తీర్చే తీరుకు మార్కులేసే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. పరీక్షలో మార్కులు తగ్గితే నాయనకు అప్పుడే తెలిసిపోతుంది. ఈ స్కోరు తగ్గితే రేపు మీరు లోనుకు పోయేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంతకన్నా నిశ్చింత ఏముంది?

5. ఉచితమన్న ప్రతిదానికీ ఆటోపే ఒప్పుకోండి. మొదటి నెల అయ్యాక డబ్బు దానంతటదే పోతుంది. కోతకు ముందురోజు మెసేజ్ వస్తుంది. చదవకుండా తీసేయండి.

6. సాకులు పోగు చేసుకోండి. రికార్డులు, ప్రాజెక్టు, పరీక్ష ఫీజు, వీటిని ఈ వరసలోనే వాడండి. నాయన శనగలు అమ్మిన వారం అడిగితే ఎదురుప్రశ్న ఉండదు. ఇంటర్ పిల్లలకు ఇంకో దారి ఉంది. 2025లో ‘తల్లికి వందనం’ పథకం కింద అమ్మ ఖాతాలో రూ.13,000 పడింది. అమ్మ ఫోన్‌లో యాప్ వేసింది మీరే, పిన్ పెట్టింది మీరే. ఆమెకు మెసేజ్ చదవడం మాత్రం నేర్పకండి.

7. ఇక మిగిలింది అవ్వ. ఆమెకు యాప్ లేదు, క్యూఆర్ కోడ్ లేదు. ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెట్టే రూ.4,000 పింఛను కొంగున ముడేసుకుంటుంది. మందులకెంత, పాలకెంత, ఎంత మిగిలిందో ముడి తడిమి చెప్పేస్తుంది. పక్కన కూర్చుని, “అవ్వా, ఐదో తారీఖుకు ఫోన్‌పే చేస్తా” అనండి. మీ మీద ప్రేమకొద్దీ ముడి విప్పుతుంది. ఆమెకు ఫోనే లేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరి దగ్గర ఎంతుందో ఎవరికీ తెలియదు. మీరు నెగ్గారు.